1000 గజాల్లో బుల్లెట్ డ్రాప్: యాప్ 36.5 అంటోంది, రైఫిల్ 41 అడుగుతోంది

ఎడారిగాలి:

నమస్తే అందరికీ. ఫీనిక్స్‌లో ఉంటాను. ఏడాదిన్నరగా బెన్ ఏవరీ రేంజ్‌కి వెళ్తున్నాను, ఇన్నాళ్లూ 300, 600 గజాలే. పోయిన ఆదివారం మొదటిసారి 1000 గజాల మ్యాచ్‌లో, ఎఫ్-టీఆర్‌లో (రైఫిల్‌ని ముందు కాళ్ల స్టాండ్ మీద పెట్టి స్కోప్‌తో కొట్టే విభాగం) పేరిచ్చాను. రైఫిల్ ఫ్యాక్టరీ .308, 20 అంగుళాల బ్యారెల్. రౌండ్లు కూడా ఫ్యాక్టరీవే, 175 గ్రెయిన్ల సియెర్రా మ్యాచ్‌కింగ్ బుల్లెట్. పెట్టె మీద వేగం సెకనుకి 2600 అడుగులు అని ఉంది, బుల్లెట్ ఎంత కింద పడుతుందో లెక్క కట్టే యాప్‌లో అదే వేశాను. జీరో 100 గజాలకి, అంటే అక్కడ గురి పెట్టిన చోటే తగిలేలా స్కోప్ సరిచేసి ఉంది. యాప్ స్కోప్ నాబ్‌ని 36.5 మినిట్లు (కోణం కొలత, ఒక మినిట్ 100 గజాల్లో సుమారు అంగుళం, 1000 లో పది) ఎక్కించమంది, ఎక్కించాను.

మొదటి రౌండ్ కాల్చాను. టార్గెట్ కదల్లేదు. చూడనివాళ్లకి చెప్తున్నాను, అక్కడ టార్గెట్ల కింద గోతిలో మనుషులుంటారు, బుల్లెట్ తగిలితే ఫ్రేమ్ కిందికి లాగి రంధ్రంలో రంగు బిళ్ల గుచ్చి మళ్లీ పైకి లేపుతారు. నా పక్కవాళ్ల ఫ్రేములన్నీ దిగుతున్నాయి, లేస్తున్నాయి, నాది మాత్రం అలాగే నిలబడి ఉంది. రెండోదీ అంతే. ఆరడుగుల ఫ్రేమ్‌కి కూడా తగలకపోతే ఇంకేం చేయాలో తెలియక చేతులు చల్లబడ్డాయి. వెనక స్కోర్ రాస్తున్న పెద్దాయన ఫ్రేమ్ కింద మట్టి లేచిందని చెప్పి నాలుగు ఎక్కించమన్నాడు. ఎక్కించాక తగిలింది, చివరికి 41 దగ్గర మధ్యకి వచ్చింది. మిగతా రౌండ్లు బాగానే పడ్డాయి.

యాప్‌కీ నిజానికీ నాలుగున్నర తేడా ఎందుకొచ్చిందో తెలుసుకోవాలని ఇంటికొచ్చాక ఇంటర్‌లో చదువుకున్న సూత్రంతో లెక్క వేశాను. 3000 అడుగులు భాగించు 2600, అంటే 1.15 సెకన్లు, అర జీ టీ స్క్వేర్ వేస్తే 21 అడుగులు పడాలి. యాప్ చెప్పిన 36.5 మినిట్లు అంటే దాదాపు 32 అడుగులు. పోనీ గాలి వల్ల నెమ్మదిస్తుంది కదా అని యాప్‌లోనే చూపించిన ప్రయాణ సమయం 1.68 సెకన్లు వేసి చూస్తే 45 అడుగులు వచ్చింది. 21, 32, 45 లో ఏది నమ్మాలో అర్థం కావడం లేదు.

ఇంకో మాట, 600 లో కూడా యాప్ 15.25 అంటే నాకు 17 కావాల్సి వచ్చేది, 300 లో 4.75 కి బదులు 5.25. అప్పుడు జీరో కాస్త అటూ ఇటూ అయిందేమోలే అనుకుని వదిలేశాను. వచ్చే నెల న్యూ మెక్సికోలో రేటన్ దగ్గర విటింగ్టన్ సెంటర్‌లో మ్యాచ్ ఉంది, అక్కడ మళ్లీ ఇలా జరగకూడదు. దయచేసి ఎవరైనా చెప్పండి.

లెక్కలమాస్టారు:

బాబూ, నేను చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను, ఇప్పుడు మా అబ్బాయి దగ్గర డాలస్‌లో ఉంటూ వాడితో పాటు రేంజ్‌కి వెళ్తున్నాను. నీ లెక్కలో కూడికలు, హెచ్చవేతలు తప్పు లేవు, సూత్రాన్ని వాడిన చోటే సరిగ్గా లేదు.

21 సంగతి సులువు. బుల్లెట్ దారి పొడుగునా 2600 తోనే వెళ్లదు. 1000 గజాలు చేరేసరికి దాని వేగం సగం కూడా ఉండదు, 1200 దగ్గరికి వచ్చేస్తుంది. కాబట్టి 1.15 సెకన్లలో చేరడం గాలి లేని చోటే కుదురుతుంది.

45 దగ్గరే మా పిల్లలు కూడా ఆగిపోయేవాళ్లు. అర జీ టీ స్క్వేర్ అనేది కిందికి పడేటప్పుడు ఏదీ అడ్డుకోకపోతేనే. గాలి బుల్లెట్ ఎటు వెళ్తోందో సరిగ్గా దానికి ఎదురుగా నెడుతుంది. బుల్లెట్ కాస్త కిందికి వాలి వెళ్తున్నప్పుడు ఆ ఎదురు నెట్టుడులో చిన్న భాగం పైకి ఉంటుంది. చిన్నదే, కానీ 1.68 సెకన్ల పాటు అదే పనిగా ఉంటుంది. నీ రైఫిల్ లాంటిదానికి 1000 గజాల్లో ఆ ఒక్కదాని వల్లే పది అడుగుల దాకా తక్కువ పడుతుంది. అంటే రైఫిల్ గొట్టం గీతని తిన్నగా పొడిగిస్తే దానికి 35 అడుగుల చిల్లర కింద పడుతుంది.

మరి 32 ఎక్కడిదంటావు. నువ్వు 100 గజాలకి జీరో చేశావు. స్కోప్ గొట్టం కంటే రెండు అంగుళాలు పైన ఉంటుంది, 100 గజాలు వెళ్లేలోపు బుల్లెట్ ఇంకో రెండున్నర అంగుళాలు పడుతుంది, ఈ రెండూ కలిసి గురి గీత మీదికి రావాలంటే గొట్టం ముందే కొంచెం పైకి చూస్తూ ఉండాలి. ఆ ఎత్తు 1000 గజాల దగ్గర మూడున్నర అడుగుల పైన అవుతుంది. అది తీసేస్తే మిగిలేది 32. యాప్ చెప్పేది ఎప్పుడూ గురి గీత నుంచి, గొట్టం గీత నుంచి కాదు.

కాబట్టి యాప్ లెక్క తప్పని నేననుకోవడం లేదు, నువ్విచ్చిన అంకెలు చూడాలి. నీ ప్రశ్నలో చివర రాసిన మాట అన్నిటికంటే ముఖ్యం. జీరో తప్పితే తేడా అన్ని దూరాల్లోనూ అవే మినిట్లు ఉంటుంది, 300 లో అర మినిట్ తప్పితే 1000 లోనూ అర మినిట్టే. నీకు అర, ఒకటీ ముప్పావు, నాలుగున్నర అని పెరుగుతూ పోయింది. భాగించి చూడు, మూడు చోట్లా పది పన్నెండు శాతం దగ్గరే ఉంది. శాతంలో కలిసి నడిచే తప్పు వేగంలో ఉంటుంది, లేకపోతే కొలబద్దలోనే ఉంటుంది.

బ్యారెల్‌బాబ్జీ:

మాస్టారు చెప్పిన చివరి వాక్యం పట్టుకో బ్రో, నీ కేసులో ఆ రెండూ ఉన్నాయని నా అనుమానం.

మొదటిది వేగం. పెట్టె మీద రాసే 2600 సాధారణంగా 24 అంగుళాల టెస్ట్ బ్యారెల్‌లో వచ్చింది. నీది 20. .308 లో ఒక్కో అంగుళానికి సెకనుకి 20 అడుగుల చొప్పున పోతుందని వేసుకో, నాలుగు అంగుళాలకి 80 పోయాయి, నీ దగ్గర బయటికొచ్చేది 2520 చుట్టూ ఉండాలి. ఈ బుల్లెట్‌కి 1000 గజాల్లో వేగం పది అడుగులు తగ్గితే మూడున్నర అంగుళాలు కింద పడుతుంది, 80 అంటే రెండున్నర మినిట్ల పైనే. వెంటనే ఎవరిదైనా క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచేది) అడిగి తెచ్చుకో. పది రౌండ్లు కొట్టి సగటు తీసుకో, మూడు రౌండ్లతో ఆపొద్దు. సగటుతో పాటు అన్నిటికంటే ఎక్కువకీ తక్కువకీ మధ్య తేడా కూడా రాసుకో. ఎఫ్-క్లాస్‌లో 1000 గజాల టార్గెట్ మీద పది రింగు పది అంగుళాలే, ఆ తేడా 30 ఉందంటే నువ్వెంత బాగా కొట్టినా పైకీ కిందికీ ఆ రింగంతా అదే తినేస్తుంది.

రెండోది స్కోప్. మినిట్ అంటే 100 గజాలకి అంగుళం అని అందరం అనేస్తాం, అసలు 1.047 అంగుళాలు. దగ్గరలో దాని గురించి ఎవరూ పట్టించుకోరు, కానీ 38 మినిట్లు ఎక్కించే చోట ఆ 0.047 పెరిగి పెరిగి 18 అంగుళాలు అవుతుంది. కొన్ని స్కోపుల నాబ్ మీద మినిట్ అని రాసి లోపల క్లిక్కులు మాత్రం అంగుళాల లెక్కన కోసి ఉంటాయి. నేనూ ఒకదానితో రెండు సీజన్లు బాధపడ్డాను, బ్రాండ్ పేరెందుకులే, ఆ రెండు సీజన్లూ రౌండ్లనే తిట్టుకున్నాను. అందుకే ఇది నీకు ముందే చెప్తున్నాను.

ఎలా తేల్చుకోవాలంటే, నాలుగడుగుల పొడవైన అట్ట తీసుకో. 100 గజాలు టేపుతో కొలిచి నిలబెట్టు, రేంజ్‌లో బోర్డు మీద 100 అని ఉంటే నమ్మకు. తాపీమేస్త్రీలు గోడకి వేలాడదీసే గుండు దారం ఉంటుంది చూడు, దాన్ని పైనుంచి వదిలి దారం వెంబడి నిలువు గీత గీయి. గీత అడుగున చుక్క పెట్టి దాని మీద ఐదు రౌండ్లు కొట్టు. తరవాత నాబ్ 30 ఎక్కించి అదే కింది చుక్క మీద గురి పెట్టి ఇంకో ఐదు. రెండు గుంపుల మధ్యల దూరం కొలువు. నిజం మినిట్లయితే 31.4 అంగుళాలు రావాలి. 30 వస్తే నీది అంగుళాల స్కోప్. పై గుంపు గీత పక్కకి జరిగిందంటే స్కోప్ వాలుగా బిగించావన్నమాట, మూడు డిగ్రీలు వాలినా 1000 లో రెండడుగులకి దగ్గరగా పక్కకి లాగుతుంది, జనం దాన్ని గాలి అనుకుని తిప్పుతూనే ఉంటారు.

ఇంకొకటి చూసుకో, యాప్‌లో బాలిస్టిక్ కోఎఫిషెంట్ (బుల్లెట్ గాలిని ఎంత బాగా తట్టుకుంటుందో చెప్పే అంకె) జీ1, జీ7 అనే రెండు కొలమానాల్లో దేని పక్కన వేశావు? బుల్లెట్ పెట్టె మీది 0.505 జీ1 అంకె. జీ7 లో ఇదే బుల్లెట్ 0.243 చుట్టూ ఉంటుంది. 0.505 వేసి జీ7 నొక్కితే ఆ బుల్లెట్ అసలు ఆగనట్టే లెక్క వస్తుంది. నీకు 36.5 వచ్చింది కాబట్టి ఈ తప్పు చేసినట్టు లేవు, అయినా ఒకసారి చూడు.

సర్రేడాక్టర్:

నేను ఇంగ్లాండ్‌లో ఉంటాను, బిస్లీలో టార్గెట్ రైఫిల్ కొడతాను. మాది స్కోప్ లేని ఆట అండి. అదే .308, కానీ 155 గ్రెయిన్ల బుల్లెట్, చేతికి పట్టీ, కంటి ముందు చిన్న రంధ్రం, ముందర ఒక రింగు, అంతే. 1890 నుంచి అక్కడే మ్యాచ్‌లు జరుగుతున్నాయి, కింగ్స్ ప్రైజ్ అనే పోటీ ఫైనల్ ఇప్పటికీ 900, 1000 గజాల్లో ఒక్కోచోట 15 రౌండ్లు. సైటర్లు (గురి సరిచూసుకునే ముందు రౌండ్లు) రెండే, వాటిలోనే అంతా తేల్చుకోవాలి.

నేను చేరిన మొదటి ఏడాది మా క్లబ్‌లో ఒక పెద్దాయన తన నోట్‌బుక్ చూపించారు. పేజీ మొత్తం పెన్సిల్‌తో, దూరం, ఎలివేషన్ (నాబ్ ఎంత ఎక్కించారో), ఉష్ణోగ్రత, వెలుతురు, ఏ లాట్ తూటాలు, మొదటి రౌండ్ ఎక్కడ పడింది. 300 నుంచి 500 కి ఎంత ఎక్కించాలి, 500 నుంచి 600 కి, 600 నుంచి 900 కి, ఆ మధ్య తేడాలు విడిగా ఒక వరసలో. ఆయన నాకు నేర్పింది ఏమిటంటే మొత్తం అంకె రోజును బట్టి మారొచ్చు కానీ దూరాల మధ్య తేడాలు చాలా తక్కువ మారతాయి, అందుకని పొద్దున 300 లో నీ నంబర్ దొరికిందంటే మిగతావి దాని మీద కూడుకుంటూ వెళ్లొచ్చు. నేను ఇప్పుడు యాప్ కూడా వాడతాను, అయినా స్టికిల్‌డౌన్ (బిస్లీలో ఎక్కువ దూరాల రేంజ్) మీద పడుకున్నప్పుడు ముందు తెరిచేది నోట్‌బుక్కే. మీ 5.25, 17, 41 మీకు బంగారం లాంటి అంకెలు, అవి మీ రైఫిల్ నోటితో చెప్పినవి. పారేయకండి.

గాలి గురించి కూడా ఒక మాట. పక్క గాలి బుల్లెట్‌ని పక్కకే తోస్తుందనుకుంటాం. కుడివైపు తిరిగే గాడుల బ్యారెల్‌లో ఎడమ నుంచి గాలి వస్తే బుల్లెట్ కుడికి పోతూ కాస్త కిందికి కూడా దిగుతుంది, కుడి నుంచి వస్తే ఎడమకి పోతూ కాస్త పైకి. గంటకి పది మైళ్ల గాలికి 1000 గజాల్లో నాలుగు అంగుళాల దాకా ఉండొచ్చు. మ్యాచ్ మధ్యలో గాలి తిరగబడినప్పుడు ఎలివేషన్ చెడిపోయిందని కంగారుపడి నాబ్ ముట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను.

గచ్చిబౌలి50:

హైదరాబాద్ నుంచి. మాకు 1000 గజాల రేంజ్ అందుబాటులో లేదు, సెంట్రల్ యూనివర్సిటీలో 50 మీటర్ల .22 ప్రోన్ (పడుకుని) కొడతాను. ఈ థ్రెడ్ రెండుసార్లు చదివాను. ఒక సందేహం, .22 తో ఈ డ్రాప్ లెక్కలు నేర్చుకోవచ్చా? 50 మీటర్లలో ఒకసారి జీరో చేశాక మళ్లీ నాబ్ ముట్టుకునే అవసరమే రాదు.

బ్యారెల్‌బాబ్జీ:

@గచ్చిబౌలి50 బ్రహ్మాండంగా నేర్చుకోవచ్చు తమ్ముడూ, దూరం ఉన్న చోట. మ్యాచ్ .22 సెకనుకి 1070 అడుగుల చుట్టూ ఉంటుంది, 50 గజాలకి జీరో చేసి 200 కి వెళ్తే ఇరవై మినిట్ల పైన ఎక్కించాలి. అది .308 కి 700 గజాల్లో ఎక్కించేదానికి దాదాపు సమానం. ఇక్కడ నేను కూడా వారం మధ్యలో .22 తోనే ప్రాక్టీస్ చేస్తాను, రౌండ్ల ఖర్చు చాలా తగ్గుతుంది, వేగంలో తేడాలు కూడా కాగితం మీద వెంటనే కనిపిస్తాయి.

ఎడారిగాలి:

అందరికీ పేరుపేరునా థాంక్స్. శనివారం పొద్దున్నే వెళ్లి రెండూ చేశాను.

క్రోనోగ్రాఫ్ ఒక క్లబ్ మెంబర్ ఇచ్చాడు. పది రౌండ్ల సగటు 2522. ఎక్కువ తక్కువల తేడా 41, అదీ బాగాలేదని ఇప్పుడు తెలిసింది. తరవాత పొడవాటి అట్ట. గుండు దారం నా దగ్గర లేదు, మా ఆవిడ కుట్టు దారానికి పెద్ద నట్టు కట్టి వేలాడదీశాను. గాలికి ఊగుతుంటే ఆగేదాకా పట్టుకుని కూర్చున్నాను. 30 ఎక్కిస్తే గుంపుల మధ్య దూరం 30 అంగుళాలు. రెండుసార్లు కొలిచాను, అంతే. నాబ్ మీద మాత్రం స్పష్టంగా మినిట్ అనే ఉంది.

ఇంటికొచ్చి లెక్క వేశాను. వేగం 2522 పెడితే యాప్ 39.25 అంది. నా స్కోప్ అంగుళాలది కాబట్టి దాన్ని 1.047 తో హెచ్చవేస్తే 41.1. ఆదివారం రైఫిల్ అడిగింది 41! టేబుల్ దగ్గర కూర్చుని ఆ అంకె మూడుసార్లు మళ్లీ కొట్టి చూసుకున్నాను. 600 కి చూస్తే 17.2, 300 కి 5.2. మూడూ కలిశాయి. మొదటి రౌండ్ ఎక్కడికి పోయిందో కూడా అర్థమైంది, నాలుగున్నర తక్కువ అంటే మధ్య నుంచి 45 అంగుళాలు కింద, ఫ్రేమ్ మధ్య నుంచి అంచుకి 36 అంగుళాలే. పెద్దాయన చూసిన మట్టి అదే.

యాప్‌లో క్లిక్కుల దగ్గర 100 గజాలకి అంగుళాలు అనే ఆప్షన్ దొరికింది, మార్చేశాను. ఇక రేటన్. అది 6000 అడుగుల పైన ఉంటుందట కదా. అక్కడికి ఏం మార్చుకోవాలి? ఫోన్‌లో వాతావరణం చూస్తే గాలి ఒత్తిడి 30.1 (పాదరసం అంగుళాల్లో) అని చూపిస్తోంది, అదే వేసేయనా?

కొండదారి:

ఆగండి ఆగండి, ఆ 30.1 వేయకండి. నేను డెన్వర్‌లో ఉంటాను, రేటన్‌కి ఏటా వెళ్తాను, మొదటి ఏడాది నేను సరిగ్గా ఈ తప్పే చేశాను.

వాతావరణ యాప్‌లూ టీవీలూ చెప్పే ఒత్తిడి సముద్ర మట్టానికి సరిచేసి చెప్పేది. అన్ని ఊళ్లనీ పోల్చడానికి వాళ్లకి అలా కావాలి. బుల్లెట్‌కి మాత్రం అక్కడ నిజంగా ఎంత గాలి ఉందో అదే కావాలి, దాన్ని స్టేషన్ ప్రెషర్ అంటారు. రేటన్ ఎత్తులో అది 23.5 అంగుళాల దగ్గర ఉంటుంది. మీరు 30.1 వేస్తే యాప్ మిమ్మల్ని సముద్రం ఒడ్డున ఉన్నారనుకుని చిక్కటి గాలికి లెక్క కట్టి నాలుగు మినిట్లు ఎక్కువ చెప్తుంది. ఫీనిక్స్‌లో ఫ్రేమ్ కిందనుంచి పోయింది, ఇక్కడ పైనుంచి పోతుంది.

కెస్ట్రెల్ లాంటి మీటర్ ఉంటే దానిలో ఎత్తు సున్నా పెట్టి చూపించిన ఒత్తిడి వేయండి, అదే స్టేషన్ ప్రెషర్. యాప్‌లో ఎత్తు, ఒత్తిడి రెండూ అడిగితే ఏదో ఒక్క పద్ధతిలోనే ఇవ్వండి, రెండూ కలిపితే ఎత్తుని రెండుసార్లు లెక్కేసే యాప్‌లు ఉన్నాయి. ఉష్ణోగ్రత నీడలో కొలవండి. తేమ గురించి బుర్ర పాడుచేసుకోకండి, తేమ గాలి బరువుగా ఉంటుందని మనకి అనిపిస్తుంది కానీ నిజానికి ఒక పిసరు తేలికే, డ్రాప్‌లో తేడా కనిపించదు.

మీ 2522 కి నా అంచనా ఏమిటంటే ఫీనిక్స్ కంటే రెండు, రెండున్నర మినిట్లు తక్కువ పడుతుంది, వేడి మధ్యాహ్నమైతే ఇంకాస్త తక్కువ. మీ స్కోప్ లెక్కలో 38, 39 మధ్య. మొదటి సైటర్ దానితో వేయండి, ఫ్రేమ్ మీద కచ్చితంగా ఉంటుంది. తూటాలు మాత్రం ఎండలో పెట్టకండి, కారు డ్యాష్‌బోర్డ్ మీద అసలు వద్దు. పౌడర్ వేడెక్కితే వేగం పెరుగుతుంది, మీరు కష్టపడి కొలిచిన 2522 అక్కడ పనికిరాదు. నేను చిన్న ఐస్ బాక్స్‌లో ఐస్ లేకుండా పెట్టుకుంటాను.

ఏ రోజు కొడుతున్నారో చెప్పండి, నా మీటర్ తెస్తాను. లైన్ మీదికి వెళ్లే ముందు ఇద్దరం ఒత్తిడి చూసి రాసుకుందాం.

ఎడారిగాలి:

శనివారం అన్నా, మొదటి రిలే (మొదటి బ్యాచ్). నోట్‌బుక్ కొన్నాను, డాక్టర్ గారు చెప్పినట్టు పెన్సిల్‌తోనే మొదలుపెట్టాను. మొదటి పేజీలో 5.25, 17, 41 ఉన్నాయి, పక్కన బెన్ ఏవరీ అని, 2522 అని. రేటన్ పేజీ మీద ఊరు పేరు మాత్రం రాశాను, మిగతాది మీ మీటర్ చూశాక.